సుందరీకరణ ఎవరికి, వికృతీకరణ ఎవరిది? హైదరాబాదు గోడల మీద కొన్ని ప్రశ్నలు

కళకు కులం లేదని వాదించే పెద్దమనుషులు మనకు కొత్తకాదు. ఆ వాదనలోకి ఇప్పుడు దిగం. కళ సంగతి ఎట్లా ఉన్నా గోడకు మాత్రం కులం ఉంది. ఊరికీ వాడకీ మధ్య కంటికి కనపడని గోడ ఒకటి ఎప్పుడూ ఉంటుంది. కొన్నిచోట్ల అది కంటికి కనపడేదే. తమిళనాడులో మదురై జిల్లా ఉత్తపురంలో దళితుల దారికి అడ్డంగా లేచిన గోడలో కొంత భాగాన్ని 2008లో కూలగొట్టించడానికి పెద్ద పోరాటమే కావలసి వచ్చింది. పట్నంలో కులం ఉండదనీ, అక్కడ గోడంటే ఒట్టి ఇటుకా సిమెంటేననీ చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో చూడాలంటే పట్నం గోడల మీది బొమ్మల దగ్గరికి పోవాలి.

గత పదేళ్ళుగా హైదరాబాదులో గోడలకు బొమ్మలేయడం జోరుగా సాగుతోంది. ఫ్లైఓవర్ స్తంభాలు, పార్కుల ప్రహరీలు, బస్తీ ఇళ్ళు రంగులద్దుకున్నాయి. వీటి గురించి వార్తలు వచ్చినంతగా విమర్శ రాలేదు. కవిత్వాన్నీ కథనీ సినిమానీ కులం కోణంలోంచి చదవడం దళిత విమర్శ మనకు నేర్పింది. రోజూ బస్సు కిటికీలోంచి చూసే ఈ బొమ్మల్ని కూడా అట్లాగే చదవాలనేది మా ప్రతిపాదన. మేం వేసే ప్రశ్న ఒక్కటే: గోడ మీద ఏం ఉండాలో నిర్ణయించే హక్కు ఎవరిది? బొమ్మ బాగుందా లేదా అనేది ఆ తర్వాతి మాట.

1. ఒకే గోడకు రెండు పేర్లు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో ఒక చట్టం వచ్చింది. బహిరంగ స్థలాల వికృతీకరణను అరికట్టడం, అసభ్యమైన, అభ్యంతరకరమైన పోస్టర్లను నిషేధించడం దాని ఉద్దేశం. అసభ్య పోస్టర్లను ఎవరూ సమర్థించరు. కానీ చట్టం పేరులోనే ఉన్న 'వికృతీకరణ' అనే మాట దగ్గర ఆగాలి. అనుమతి లేకుండా గోడ మీద రాస్తే అది గోడను వికారం చెయ్యడం. మున్సిపాలిటీ రంగులేయిస్తే దాని పేరు సుందరీకరణ. గోడ అదే, రంగు అదే, చాలాసార్లు కుంచె పట్టిన పెయింటరూ అతనే. ఒకటి నేరం, ఇంకొకటి అభివృద్ధి. ఈ రెండు మాటల మధ్య ఉన్న తేడా సౌందర్యానిది కాదు, అధికారానిది.

పేపరు లేనివాడికి, ఛానలు లేనివాడికి గోడే పేపరు. ఒక డబ్బా రంగు, ఒక కుంచె, ఇద్దరు మనుషులు, ఒక రాత్రి ఉంటే చాలు. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత దళిత ఉద్యమం తన మాటను ఊరూరికీ చేర్చుకున్నది ప్రధానంగా కరపత్రంతో, పాటతో, గోడరాతతో. ఢిల్లీలో కూడా ఇట్లాంటి చట్టమే 2007లో వచ్చింది. 2019లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం గోడల మీద విద్యార్థి సంఘాల పోస్టర్లను పీకేసినప్పుడు చూపించిన కారణం ఆ చట్టమే. దశాబ్దాలపాటు దేశమంతా ఆ గోడల్ని చూడ్డానికి పోయింది. ఒక ఉత్తర్వుతో అవి వికారమైపోయినయి.

2. బస్తీకి వచ్చిన రంగు

2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ అనే సంస్థ హైదరాబాదులో వీధి చిత్రకళా ఉత్సవం జరిపింది. రాజ్‌భవన్‌కు దగ్గర్లో ఉన్న ఎం.ఎస్. మక్తా బస్తీ ఇళ్ళ గోడలకు చిత్రకారులు వచ్చి పెద్దపెద్ద బొమ్మలేశారు. అప్పటినుంచి దాన్ని మక్తా ఆర్ట్ డిస్ట్రిక్ట్ అంటున్నారు. ఇదే సంస్థ అంతకుముందు ఢిల్లీలో ప్రభుత్వోద్యోగుల క్వార్టర్లున్న లోదీ కాలనీని ఇట్లాగే తయారుచేసింది. 2020లో చెన్నైలో కణ్ణగి నగర్‌కు వెళ్ళింది. కణ్ణగి నగర్ అంటే నగరం నడిబొడ్డున ఉన్న మురికివాడల్ని ఖాళీ చేయించి, ఆ మనుషుల్ని ఊరి చివరికి తరలించి కట్టిన కాలనీ. 2004 సునామీలో ఇళ్ళు పోయినవాళ్ళనూ అక్కడికే చేర్చారు.

చిత్రకారుల నైపుణ్యాన్ని గానీ నిజాయితీని గానీ మేం శంకించడం లేదు. పిల్లలు ఆ బొమ్మల్ని చూసి సంబరపడటం నిజం. పేదవాడికి రంగెందుకు, అన్నం పెట్టండి అనేది కూడా పెత్తందారీ మాటే. అన్నం అడిగేవాడికి అందం అక్కర్లేదని ఎవరన్నారు? మా వాడల్లో సంక్రాంతికి సున్నం వెయ్యని ఇల్లు లేదు.

మా అభ్యంతరం వేరే. బస్తీ జనం మున్సిపాలిటీని ఏళ్ళ తరబడి అడిగేవి ఏమిటి? మంచినీళ్ళు, డ్రైనేజీ, ఇంటి పట్టా. రంగు అడక్కుండానే వస్తుంది, పట్టా అడిగినా రాదు. పట్టా లేని ఇంటికి గోడ మాత్రం నగరానిది అవుతుంది. బయటినుంచి కెమెరాలతో వచ్చేవాళ్ళకు ఆ గోడ ముందు కట్టిన బట్టల తీగ ఫోటోకి అడ్డం. ఆ ఇంటామె గడపలో కూర్చుంటే ఆమె కూడా బొమ్మలో భాగమైపోతుంది. చూడ్డానికి వచ్చేవాళ్ళున్నారు, చూపు పడేవాళ్ళున్నారు. ఎవరు ఎటువైపున్నారో కొత్తగా చెప్పాల్సిన పని లేదు. లోదీ కాలనీకి, కణ్ణగి నగర్‌కూ తేడా ఇక్కడే ఉంది. క్వార్టర్లలో ఉండే ఉద్యోగికి గోడ మీద బొమ్మ ఒక అలంకారం. ఊరవతలికి నెట్టబడ్డవాడికి అదే బొమ్మ నెట్టివేతను కప్పిపెట్టే దుప్పటి కాగలదు.

కప్పిపెట్టడమనేది మా ఊహ కాదు. 2017 నవంబరు చివర హైదరాబాదులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. ఇవాంకా ట్రంప్ వచ్చింది. అతిథులు పోయే రోడ్లు మెరిశాయి. అదే నెలలో నగరంలో అడుక్కోవడాన్ని రెండు నెలలపాటు నిషేధిస్తూ పోలీసు కమిషనర్ ఉత్తర్వు ఇచ్చారు. 2020 ఫిబ్రవరిలో ఆమె తండ్రి అహ్మదాబాదు వస్తే, దారి పక్క మురికివాడకు అడ్డంగా ఏకంగా గోడే కట్టారు. గోడ కట్టడం, గోడకు రంగెయ్యడం, గోడ ముందునుంచి మనిషిని తొలగించడం వేర్వేరు పనుల్లాగా కనపడతాయి. అతిథి కారు అద్దంలోంచి చూస్తే మూడింటి ఫలితం ఒక్కటే.

3. డప్పు ఉంది, పేరు లేదు

2014లో తెలంగాణ రాష్ట్రం వచ్చాక నగరం గోడల మీదికి బతుకమ్మ, బోనాలు, పేరిణి, గుస్సాడీ, డప్పు వచ్చినయి. అంతకుముందు ఎవరి సంస్కృతి గోడలెక్కేదో గుర్తున్నవాళ్ళకు ఇది చిన్న మార్పు కాదు. దీన్ని మేం తక్కువ చెయ్యం. అయితే ఆ డప్పు కొట్టే మనిషిని ఒకసారి పరకాయించి చూడండి. కండలు తిరిగిన చేతులు, తలకు రుమాలు, కాళ్ళకు గజ్జెలు. ముఖం మాత్రం ఎవరిదీ కాదు. తోలును శుద్ధిచేసి చట్రానికి బిగించి మంట దగ్గర కాచి శ్రుతి చేసే మాదిగ పనితనం అందులో ఉండదు. చావుకూ పెళ్ళికీ చాటింపుకీ కూలి లేకుండా కొట్టించుకున్న చరిత్ర ఉండదు. కులం ఊడదీసి కళను మాత్రం తీసుకున్నారు. చిందు భాగవతాన్ని జీవితమంతా ఆడిన చిందుల ఎల్లమ్మ ముఖం ఎంతమంది పట్నం వాళ్ళకు తెలుసు? జానపదం పేరుతో అందరినీ కలిపి ముద్ద చేస్తే పేరున్న కళాకారులు పేరులేని గుంపవుతారు.

చేర్యాల బొమ్మల సంగతి ఇంకా స్పష్టం. ఎర్రటి నేపథ్యం, గుండ్రటి కళ్ళు, కుండలెత్తుకున్న ఆడవాళ్ళు: ఈ శైలి ఇప్పుడు హోటళ్ళకూ ఆఫీసులకూ గోడలకూ అలంకారం. ఈ శైలి ఎక్కడ పుట్టింది? గుడ్డకు గంజీ సుద్దా చింతగింజల అంబలీ పట్టించి, నకాషీ చిత్రకారులు గజాల పొడవున గీసిన పటాల్లో. ఆ పటాలు రాజుల కోసం గీసినవి కావు. కులానికొక పురాణం, పురాణానికొక పటం, పటానికొక కథకుడు. పద్మశాలీలకు కూనపులివాళ్ళు, గౌడులకు గౌడజెట్టీలు, మాదిగలకు డక్కలివాళ్ళు పటం విప్పి కథ చెప్పేవాళ్ళు. వాడ మధ్యలో నిలబెట్టిన పటమే ఆ రాత్రికి ఊరుమ్మడి గోడ. వీధి చిత్రం అనే మాట పుట్టకముందే మనకున్న వీధి చిత్రం అది.

డక్కలివాళ్ళు చెప్పే జాంబపురాణంలో జాంబవుడు భూమికంటే ముందు పుట్టినవాడు. అంటే పుట్టుక వరసలో బ్రాహ్మణుడు చాలా వెనక. పురుషసూక్తాన్ని తలకిందులు చేసే కథ ఇది. నగరం గోడ చేర్యాల శైలిని తీసుకుంది. ఎరుపు రంగు తీసుకుంది, గుండ్రటి కళ్ళు తీసుకుంది. కుండలెత్తుకున్న ఆడవాళ్ళ పక్కన జాంబవుడు మాకెక్కడా కనపడలేదు. రూపం గోడెక్కింది, కథ వాడలోనే ఉండిపోయింది.

4. చూపు లేని కళ్ళద్దాలు

2014 అక్టోబరు 2న స్వచ్ఛభారత్ మొదలైంది. ఆ తర్వాత దేశంలో ఏ గోడను చూసినా గాంధీ కళ్ళద్దాలే. ముఖం లేదు, కళ్ళు లేవు. ఉత్త అద్దాలు. ఎవరు ఊడవాలో ఆ బొమ్మ చెప్పదు. పక్కన చీపురు పట్టుకున్న మనిషి బొమ్మ ఉంటే నవ్వుతూ ఉంటుంది. పాకీపనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చినయి. 1993 తర్వాత మురుగ్గుంతల్లో చనిపోయినవాళ్ళ కుటుంబాలకు పది లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో దాన్ని ముప్ఫై లక్షలు చేసింది. అంటే చావులు ఆగలేదు, పరిహారం పెరిగింది. బెజవాడ విల్సన్ నాయకత్వాన సఫాయి కర్మచారి ఆందోళన్ 2015, 16 సంవత్సరాల్లో 125 రోజులపాటు దేశమంతా భీమ్‌యాత్ర చేసింది. మమ్మల్ని చంపడం ఆపండి అనేదే వాళ్ళ డిమాండు. ఆ మాట ఏ సుందరీకరణ గోడ మీదికీ ఎక్కలేదు. నవ్వు ముఖం ఎక్కింది.

ఇంకో రకం గోడ ఉంది. మూత్రం పొయ్యకుండా దేవుళ్ళ టైల్స్ అంటించిన గోడ. వెంకటేశ్వరుడు, సాయిబాబా, పక్కనే మక్కా, శిలువ. సర్వమత సమానత్వం ఇంత బాగా ఇంకెక్కడా కనపడదు. గుడి మెట్లెక్కనివ్వని దేవుణ్ణి తీసుకొచ్చి వీధిలో వాచ్‌మన్‌ను చేశారు. రోజంతా రోడ్డు మీద పనిచేసే కూలీకీ, తోపుడుబండి అతనికీ మరుగుదొడ్డి కట్టడం కన్నా దేవుణ్ణి అంటించడం చౌక. ఆడమనిషి సంగతి ఆ గోడకు తట్టను కూడా తట్టలేదు.

5. వాడ గోడ

ఇప్పుడు, ఎవరూ వీధి కళ అని పిలవని బొమ్మ దగ్గరికి వద్దాం. ఏ బస్తీకి పోయినా, ఏ పల్లె వాడకు పోయినా కమ్యూనిటీ హాలు గోడ మీదో, నీళ్ళ ట్యాంకు మీదో అంబేడ్కర్ ఉంటాడు. నీలం సూటు, కళ్ళద్దాలు, చేతిలో రాజ్యాంగం, ఎత్తిన చూపుడువేలు. విమర్శకులు దీన్ని క్యాలెండరు బొమ్మ అని తీసిపారేస్తారు. మేం దీన్ని ఈ నగరంలో అన్నిటికన్నా ఆలోచించి వేసిన బొమ్మ అంటాం.

ఇది ఎట్లా తయారవుతుందో చూడండి. ఏప్రిల్ 14కు ముందు పిల్లలు ఇల్లిల్లూ తిరిగి చందా పోగుచేస్తారు. గోడకు సున్నం కొడతారు. పెయింటరు చిన్న ఫోటో మీద పెన్సిలుతో గళ్ళు గీస్తాడు. సుద్ద రాసిన దారాన్ని ఇద్దరు అటూ ఇటూ పట్టుకొని లాగి వదిలితే గోడ మీద గీత పడుతుంది. అట్లా పెద్ద గళ్ళు తయారవుతాయి. ఒక్కొక్క గడినీ పెంచుకుంటూ పోతే ముఖం వస్తుంది. వాడ జనం కింద నిలబడి మాట్లాడుతుంటారు. కన్ను సరిగా రాలేదంటారు, నుదురు ఇంకా పెద్దదంటారు. పెయింటరు దిద్దుతాడు. ఎవరి బొమ్మ వెయ్యాలో, ఎక్కడ వెయ్యాలో, పోలిక వచ్చిందో లేదో చెప్పేది డబ్బులిచ్చిన జనమే. విమర్శకుడూ వాళ్ళే, సంపాదకుడూ వాళ్ళే. కోట్లు ఖర్చుపెట్టిన ఉత్సవాల్లో ఈ ప్రజాస్వామ్యం ఉందా?

పోలిక మీద అంత పట్టింపు ఎందుకు? ముఖానికి విలువ లేదని వేల ఏళ్ళు చెప్పించుకున్నవాళ్ళకు ముఖం పోలికలతో నిలబడటం రాజకీయం. నైరూప్య చిత్రం వేసుకునే తీరుబడి, ముఖం ఎప్పుడూ గౌరవం పొందినవాళ్ళకు ఉంటుంది. సూటు కూడా అట్లాంటిదే. గాంధీ అంగీ విప్పితే త్యాగం. మావోళ్ళు అంగీ తొడుక్కుంటే దెబ్బలు పడ్డ ఊళ్ళున్నాయి. అందుకే ఆ సూటు మడత చెదరకుండా వెయ్యమంటారు. నీలం రంగు కూడా ఊరికే రాలేదు. 1942లో ఏర్పడ్డ షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ జెండా రంగు అది. స్వచ్ఛభారత్ గోడ మీద చూపు లేని అద్దాలుంటే, ఈ గోడ మీద అద్దాల వెనకనుంచి ఒక మనిషి మనవైపు చూస్తుంటాడు.

ఫ్లెక్సీ వచ్చాక ఈ పెయింటర్ల బతుకు చితికింది. సినిమా బ్యానర్లు, షాపు బోర్డులు, ఎన్నికల రాతలు ఒక్కసారిగా పోయినయి. ఈ పనిలో ఉన్నవాళ్ళలో దళితులు, ముస్లింలు, వెనకబడిన కులాలవాళ్ళు చాలామంది. నగరం గోడలకు కొత్తగా డబ్బొచ్చినప్పుడు వాళ్ళను పిలిస్తే సహాయకులుగానే పిలిచారు. నిచ్చెనెక్కి రంగు నింపినవాడి పేరు గోడ అడుగున ఉండదు.

6. వెలివాడ

అదే ఫ్లెక్సీతో 2016 జనవరిలో హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఇంకో పని జరిగింది. హాస్టళ్ళనుంచి వెలివేయబడ్డ ఐదుగురు పరిశోధక విద్యార్థులు ఆరుబయట గుడారం వేసుకున్నారు. దానికి గోడలు అంబేడ్కర్, ఫూలే, సావిత్రీబాయిల బొమ్మలున్న ఫ్లెక్సీలు. దానికి పెట్టిన పేరు వెలివాడ. హాస్టలు ఖాళీ చేసి పోతూ రోహిత్ వేముల చేతిలో అంబేడ్కర్ బొమ్మ పట్టుకున్న ఫోటో దేశమంతా చూసింది. జనవరి 17న అతను లేడు. ఆ తర్వాత రోహిత్ ముఖం దేశంలోని విశ్వవిద్యాలయాల గోడలెక్కింది. 2019 జనవరిలో వెలివాడను అక్కణ్ణించి తీసేశారు.

ఈ వెలివాడను ఈ నగరపు అతి ముఖ్యమైన బహిరంగ చిత్రశాలగా మేం లెక్కిస్తాం. గోడలు లేనివాళ్ళకు బొమ్మలే గోడలైన సందర్భం ఇంకెక్కడుంది? మిగిలిన గోడలు కులాన్ని రంగుతో కప్పుతుంటే, ఇది దాని పేరుతోనే దాన్ని పిలిచింది.

తీసెయ్యడమనే మాట వచ్చింది గనక ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. 2019 ఏప్రిల్‌లో, జయంతికి ఒక్కరోజు ముందు, పంజాగుట్ట సెంటర్లో నిలబెట్టిన అంబేడ్కర్ విగ్రహాన్ని అనుమతి లేదని తొలగించారు. అది చెత్త లారీలో జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు చేరింది. నాలుగేళ్ళకు, 2023 ఏప్రిల్ 14న, అదే నగరంలో హుస్సేన్‌సాగర్ పక్కన 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహాన్ని ముఖ్యమంత్రి ఆవిష్కరించారు. రెండూ ఒకే మనిషి బొమ్మలు. జనం నిలబెట్టుకున్నది చెత్త, ప్రభుత్వం నిలబెట్టింది చరిత్ర. 125 అడుగుల విగ్రహం మాకు గర్వకారణమే. కానీ అనుమతితోనే గౌరవం అనే ఈ లెక్కను మేం ఒప్పుకోం.

7. మన గోడ మీద మన ప్రశ్నలు

ఎదుటివాళ్ళ గోడల్ని ప్రశ్నించి మన గోడల్ని వదిలేస్తే అది విమర్శ కాదు. వాడ గోడ మీద ఆడవాళ్ళెంతమంది? సావిత్రీబాయి, రమాబాయి ఆలస్యంగా వచ్చారు, వచ్చినా మూలకే వచ్చారు. రోజూ పొద్దున్నే వాకిట్లో ముగ్గేసే చేతులకు గోడ మీద కుంచె ఎందుకు అందలేదు? 1994లో దండోరా మొదలయ్యాక ఒక వాడలో అంబేడ్కర్, ఇంకో వాడలో బాబూ జగ్జీవన్‌రామ్ అని గోడలు పంచుకున్న ఊళ్ళున్నాయి. వర్గీకరణ డిమాండు న్యాయమైనది. 2024లో సుప్రీంకోర్టు దానికి దారి తెరిచింది. కానీ బొమ్మలు పంచుకోవడం ఆ న్యాయంలో భాగం కాదు. మాదిగలకు పురాణం చెప్పే డక్కలివాణ్ణి మాదిగవాడే ఎంత దూరంలో కూర్చోబెట్టాడో కూడా అడగాలి. ఇక పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీతో అంబేడ్కర్ ముఖాన్ని కప్పేస్తున్న మన చోటా నాయకుల గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది.

8. ఏం కావాలి?

మేం అడిగేవి పెద్ద కోరికలు కావు. బస్తీ గోడ మీద బొమ్మ వెయ్యాలంటే ముందు బస్తీ జనం కూర్చుని ఏం బొమ్మో తేల్చాలి, వద్దంటే వెయ్యొద్దు. బొమ్మకు పెట్టే డబ్బు ఎంతో, ఎవరికెంత పోతుందో ఆ గోడ మీదే రాయాలి. ఉపాధి పోయిన సైను పెయింటర్లకు పని ఇవ్వాలి. సహాయకులుగా కాదు, చిత్రకారులుగా. వాళ్ళ పేర్లు గోడ మీద ఉండాలి. డప్పు వేస్తే ఆ డప్పు కొట్టిన మనిషి పేరు, ఊరు రాయాలి. చేర్యాల శైలి కావాలంటే జాంబపురాణం కూడా కావాలి. జనం నిలబెట్టుకున్న బొమ్మను తొలగించాల్సి వస్తే ముందు ఆ జనంతో మాట్లాడాలి.

ఇవి జరిగేదాకా దళిత విమర్శకు ఒక పని ఉంది. ప్రతి కొత్త బొమ్మ ముందూ ఆగి, దాని కిందున్న పాత రాత ఏమిటో అడగడం. రంగు ఎంత మందంగా వేసినా ఎండకూ వానకూ పెచ్చులూడక తప్పదు. కింద ఏముందో తెలిసినవాళ్ళు అప్పటికి నోరు మూసుకొని ఉండకూడదు.